ఆగిన మగ్గానికి మజూరి

కూకట్‌పల్లిలో పోచంపల్లి చీర దొరకని రోజంటూ లేదు. మెట్రో స్తంభాలకు అటూ ఇటూ బారులు తీరిన చీరల షోరూముల్లో ఏ మెట్లెక్కినా సరే, పేరు చెబితే చాలు, తెల్ల పరుపు మీద డజను చీరలు జారిపడతాయి. నిశ్చితార్థానికి ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, హైటెక్ సిటీ ఆఫీసులో ఎత్నిక్ డే అంటే చున్నీయో కుర్తాయో ఇంకొకటి. కేపీహెచ్‌బీ కాలనీలో ఇక్కత్ గడి ఒక్కటైనా లేని బీరువా ఉందంటే అది బ్రహ్మచారిదే అయి ఉండాలి. ఆ చీర పుట్టిన ఊరికి ఎప్పుడైనా వెళ్లారా అని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే: వెళ్లాలండీ, ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. గోవా, కూర్గు, బాలి తిరిగొచ్చినవాళ్లే ఈ మాట అంటారు.

దూరం మీద నెపం పెట్టడానికి లేదు. మియాపూర్‌లో బయల్దేరిన మెట్రో కూకట్‌పల్లి మీదుగా నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి ఎల్బీనగర్‌లో దింపుతుంది. 2017 నవంబరులో అమీర్‌పేట దాకా, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా ఈ లైను తెరుచుకుంది. పొడవు 29 కిలోమీటర్లు, ఎక్కడా రైలు మారక్కర్లేదు. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని, కొంత దూరం పోయాక ఎడమకు తిరిగితే యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి. రోజూ సాయంత్రం గచ్చిబౌలి నుంచి జేఎన్‌టీయూ కూడలి దాకా కారులో ఈదుకొచ్చేవాళ్లకు ఇదేమంత లెక్కలోది కాదు.

వెళ్లినవాళ్లు అక్కడ ఏం చేస్తారన్నది అసలు సంగతి. చెరువు దగ్గర ఫొటో, పర్యాటక శాఖ మ్యూజియంలో ఒక చుట్టు, వినోబా మందిరం దగ్గర ఒక దండం, ఏదో ఇంట్లో మగ్గం ముందు రెండు నిమిషాలు. ఆ తర్వాత బజారులో రెండు గంటలు. అంటే షోరూముకు పోయే దారి కాస్త పొడుగైంది, అంతే. కొనడాన్ని తప్పు పట్టనక్కర్లేదు. అమ్ముడుపోని చీర ఎవరికీ అన్నం పెట్టదు. కానీ మగ్గం ముందు గడిచిన ఆ రెండు నిమిషాల ఖర్చు ఎవరు భరించారో చూడాలి.

నేతపనిలో జీతం ఉండదు, మజూరి ఉంటుంది. మాస్టర్ వీవరో, సొసైటీయో నూలూ పట్టూ డిజైనూ ఇస్తారు. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. దిగినదాన్ని బట్టి డబ్బు. మధ్యలో ఎన్ని గంటలు కూర్చున్నా, ఎన్నిసార్లు లేచినా అది నేతగాడి లెక్కే. ఎవరో గుమ్మంలోకొచ్చి ‘అన్నా, ఒకసారి చూపిస్తారా’ అంటే చేతిలోని పని ఆపి, నాడె పక్కన పెట్టి, కాళ్లు గుంటలోంచి తీసి చెప్పడం మర్యాద. ఆ మర్యాదకు ఏ పద్దులోనూ చోటు లేదు. చూసినవాళ్లు వెళ్లి వీధి చివర దుకాణంలో చీర కొంటారు. లాభం దుకాణానిది, ఆగిన పని నేతగాడిది. సెలవు రోజున పది కార్లొస్తే పదిసార్లు ఇదే వరస. పల్లె పర్యాటకం మీద రాసే నివేదికల్లో స్థానికాభివృద్ధి అన్న మాట ధారాళంగా దొర్లుతుంది గానీ, ఆగిన మగ్గానికి మజూరి ఎవరిస్తారన్న ప్రశ్న ఆ పేజీల్లో ఎక్కడా తగలదు.

పేరుకైతే ఈ ఊరికి కొదవ లేదు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు అందుకున్న తొలి ఉత్పత్తుల్లో అదొకటి. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు భారత్ పంపిన చీరల నేత కేంద్రాల్లో పోచంపల్లి ఉంది. 2021 డిసెంబరులో మాడ్రిడ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తొలిసారి ఉత్తమ పర్యాటక గ్రామాలను ప్రకటించినప్పుడు 32 దేశాల నుంచి 44 ఊళ్లు నెగ్గాయి. మన దేశం పంపిన మూడు పేర్లలో మేఘాలయలోని కాంగ్‌థాంగ్, మధ్యప్రదేశ్‌లోని లాధ్‌పురా ఖాస్ ఆగిపోయాయి, పోచంపల్లి నిలిచింది. 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చి నేతన్నలతో మాట్లాడారు. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు కొందరు ఇక్కత్ కట్టుకుని ఇక్కడ నడిచారు. ఇన్ని వెలుగులు పడ్డ ఊరు తెలంగాణలో ఇంకోటి చెప్పడం కష్టం. వెలుగు పడ్డ చోటల్లా డబ్బు పడుతుందని మాత్రం అనుకోకూడదు. ఫొటోలో మగ్గం కనిపిస్తుంది, మజూరి కనిపించదు.

దీనికి విరుగుడు యూరప్‌లో దొరికింది, అదీ నేతపనిలోనే దొరికింది. 1990ల చివర్లో ఫిన్లాండ్, గ్రీసు, పోర్చుగల్ దేశాల పల్లెల్లో చేతినేతను పర్యాటకంతో ముడిపెట్టి నిలబెట్టాలని యూరోటెక్స్ అనే ప్రాజెక్టు నడిచింది. అందులో పనిచేసిన గ్రెగ్ రిచర్డ్స్ ఒకటి గమనించాడు: వచ్చినవాళ్లలో చాలామందికి బట్ట కొనడంతో తృప్తి తీరడం లేదు. ఎలా నేస్తారో చూడాలని, తామూ ఒకసారి నేసి చూడాలని ఉంది. 2000లో ఆయన, క్రిస్పిన్ రేమండ్ కలిసి దీనికి సృజనాత్మక పర్యాటకం అని పేరు పెట్టారు. 2003లో రేమండ్ న్యూజిలాండ్‌లోని నెల్సన్‌లో స్థానిక కళాకారుల దగ్గర కూర్చుని నేర్చుకునే తరగతులు మొదలుపెట్టాడు. ఇందులో గొప్ప తత్వమేమీ లేదు. చూపించడానికి కాక, నేర్పడానికి రుసుము. నేర్పేవాడి గంటకు ఒక ధర పడగానే, ఆగిన మగ్గం లెక్కలోకి వస్తుంది.

పోచంపల్లిలో నేర్పడానికి కొదవేముంది? మామూలు నేతలో రంగు వేసిన దారంతో బొమ్మ నేస్తారు. ఇక్కత్‌లో దారం మగ్గం ఎక్కకముందే బొమ్మ దారంలో ఉంటుంది. ముందు డిజైను గ్రాఫ్ కాగితం మీద గడులు గడులుగా దిగుతుంది. సైబరాబాద్‌లో పనిచేసే కుర్రవాడికి విప్పి చెప్పనక్కర్లేదు, అవి పిక్సెళ్లే. ఆ గడుల ప్రకారం దారపు పోగులను గుత్తులుగా చేసి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. లేత రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ముదురు రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. పడుగూ పేకా రెండూ ఇలా కట్టినవైతే డబుల్ ఇక్కత్. అక్కడ పడుగులోని ఎరుపు పేకలోని ఎరుపు మీద సరిగ్గా కూర్చోవాలి. నాడె విసిరిన ప్రతిసారీ నేతగాడు పేకను వేలితో అటో ఇటో జరుపుతూ ఉండేది అందుకే. చూసేవాళ్లకు అదేదో అలవాటు చొప్పున చేసే సైగలా ఉంటుంది. ఒక్క గంట చిటికి కట్టి చూస్తే గానీ ఆ సవరింపు విలువ అర్థం కాదు.

నేర్చుకోవడం వల్ల కొనుగోలుదారుకూ లాభమే. మర మీద అచ్చు వేసిన ఇక్కత్ నకళ్లు ఇప్పుడు బజారు నిండా ఉన్నాయి. చిటికి కట్టిన బట్టలో రంగు అంచు కొద్దిగా చెదిరి, ఈకలు తేలినట్టుంటుంది, బట్ట వెనక్కి తిప్పినా బొమ్మ అంతే నిండుగా ఉంటుంది. అచ్చులో అంచు గీత గీసినట్టు పదునుగా ఉండి, వెనక వెలిసిపోతుంది. తన చేత్తో నాలుగు ముడులు వేసినవాళ్లు కూకట్‌పల్లి షోరూములో మళ్లీ మోసపోరు. బేరమూ కాస్త తగ్గించుకుంటారు. ఇది ఆశే, పూచీ ఏమీ లేదు. బేరమాడకుండా చీర కొనడం తెలుగు ఇల్లాలికి ఇంకా అలవాటు కాలేదు.

ఇక ఆసు. చిటికికి ముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ తిప్పుతూ పరచాలి. ఇళ్లలో ఈ పని ఆడవాళ్లది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఊగాలి, నాలుగైదు గంటల పని. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. గంటన్నరలో చీరకు సరిపడా ఆసు పోసే యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది. ఆ సినిమా కూకట్‌పల్లి థియేటర్లలో చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లెందరో. అయినా ఆసు పోసే చేతికీ, కండెలు చుట్టే చేతికీ మజూరి లెక్కలో విడిగా వాటా దక్కడం అరుదు, అది ఇంటి పనిలో కలిసిపోతుంది. నేర్పే తరగతుల్లో అన్నిటికన్నా తేలిగ్గా ఆసు దగ్గరే మొదలుపెట్టవచ్చు. మగ్గం కన్నా ఎక్కువగా ఆడవాళ్ల గంటకు ధర కట్టగల పని ఇదే. ఈ రుసుము నేరుగా అమ్మ చేతికి వెళ్లాలా, ఇంటి పెద్ద చేతికి వెళ్లాలా అన్నది పర్యాటక శాఖ కరపత్రాలు తేల్చే విషయం కాదు. ఇంటింటా తేలాల్సిందే.

నేర్చుకోవడానికి ఊరు దాటి రావడం ఇక్కడ కొత్తేమీ కాదు కూడా. ఈ విద్యే అలా వచ్చింది. చీరాల తెలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలదాకా పోయేవి. అక్కడి చిటికి పని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నల్లగొండ ఊళ్లకు చేరింది. తెలియా రుమాలు ఇప్పుడు పుట్టపాక పేరు మీద బతుకుతోంది, 2020లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్టు నేత నేర్చుకోవడానికి పోచంపల్లి కుర్రవాళ్లు బెంగళూరు పోయి వచ్చారని చెప్పుకుంటారు. ఒకరి ఊరికి పోయి, నాలుగు నాళ్లు కూర్చుని, పని పట్టుకుని రావడం. దానికప్పుడు పర్యాటకం అన్న పేరు లేదు.

కూకట్‌పల్లికి దగ్గర్లో మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. 1992లో, సైబర్ టవర్స్ ఇంకా లేని రోజుల్లో మొదలైంది. లోపల గ్రామీణ మ్యూజియంలో నిలువెత్తు మట్టి బొమ్మలు: కుమ్మరి, కమ్మరి, మగ్గం మీద నేతగాడు. చుట్టూ అద్దాల మేడలు. ఆదివారం పిల్లల్ని తీసుకుపోయి, ఇదిగో ఇలా నేసేవారు అని భూతకాలంలో చెప్పే తల్లిదండ్రులు కనిపిస్తారు. మ్యూజియంలో తప్పేమీ లేదు, శిల్పారామం సంతల్లో ఎందరో చేతిపనివాళ్లు నిజంగానే అమ్ముకుంటారు. కానీ ‘నేసేవారు’ అన్న ఆ క్రియాపదం మాత్రం, అరవై కిలోమీటర్ల దూరంలో పడుగు సవరించుకుంటున్నవాళ్లకు కొంచెం అన్యాయమే.

చేర్యాల సంగతి ఇంకో రకం. సిద్దిపేట జిల్లాలోని ఆ ఊళ్లో నకాషీ కుటుంబాలు ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి పొడవాటి పటాలు వేసేవి. వాటిని విప్పుకుంటూ కథకులు కులపురాణాలు పాడేవారు. పాడేవాళ్లు తగ్గాక పటం గోడకెక్కింది, ముసుగు అయింది, తాళంచెవి గుత్తి అయింది. ఇప్పుడు వారాంతాల్లో హైదరాబాద్ స్టూడియోల్లో చేర్యాల ముసుగుకు రంగులు వేయించే వర్క్‌షాపులు జరుగుతాయి. కళాకారుడికి రుసుము అందుతుంది, మంచిదే. కానీ ఊరికి అందేదేముంది? చాయ్ బండి, భోజనం వండిపెట్టే ఇల్లు, ఆటో, పటం కట్టే కుర్రాడు, వీళ్లెవరికీ అందులో పాలు లేదు. నేర్పేవాడు నగరానికొస్తే వచ్చే ఆదాయం ఒకరిది; నేర్చుకునేవాడు ఊరికి పోతే అది వీధిలో నాలుగు చోట్ల ఆగుతుంది. పశ్చిమ బెంగాల్‌లో పింగ్లా దగ్గరి నయా గ్రామం ఇదే పని పటాలతోనే చేసి చూపించింది. అక్కడి పటువాలు 2010 నుంచి ఏటా పొట్ మాయా పేరుతో ఉత్సవం జరుపుతారు. ఇళ్ల గుమ్మాలే బజారు, పటం విప్పి పాడేదీ అక్కడే, ఆకులూ పూలూ నూరి రంగు తీయడం నేర్పేదీ అక్కడే. మధ్యలో దుకాణం లేదు.

తెలంగాణలో జాతీయ స్థాయి ఉత్తమ పర్యాటక గ్రామాల వరస 2023లో పెంబర్తి, చంద్లాపూర్‌లతో, 2024లో నిర్మల్, సోమశిలలతో సాగింది. ఇత్తడి రేకు మీద పెంబర్తి విశ్వకర్మల చెక్కడం వరంగల్ రోడ్డు పక్కనే ఉంది. ఆగేవాళ్లు ఎక్కువ, కూర్చునేవాళ్లు తక్కువ. ఆంధ్రాలో ఏటికొప్పాక కథ వినదగ్గది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రకు లక్క పూసి బొమ్మలు చేసే ఆ ఊళ్లో సి.వి. రాజు సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఆ బొమ్మలు. అయితే బొమ్మకు గిరాకీ పెరిగితే కర్ర కావాలి, అంకుడు చెట్టు పెరగడానికి కాలం కావాలి. పర్యాటకుల లెక్క వేసేటప్పుడు అడవి లెక్క కూడా వెయ్యాలని ఆ ఊరు గుర్తుచేస్తుంది.

నేర్పడంలో భయమూ ఉంది, అది ఉత్త భయం కాదు. మగ్గం మీదున్న కొత్త డిజైను ఫొటో తీసుకుపోతే వారం తిరగకముందే అచ్చు బట్టగా ఎక్కడో మర మీదకెక్కుతుంది. భౌగోళిక గుర్తింపు పోచంపల్లి అన్న పేరును కాపాడుతుంది గానీ, నిన్న రాత్రి ఒకరు గీసిన గ్రాఫును కాపాడదు. నేర్పే ఇంట్లో పాత, అందరికీ తెలిసిన గళ్లే నేర్పాలి. మగ్గం మీద పెళ్లి చీర ఉన్న గదిలోకి ఫోన్లు తేవద్దనాలి. పట్నంవాళ్లకు ఇది కొంచెం కష్టం. ఆఫీసు గేటు దగ్గర ల్యాప్‌టాప్ కెమెరాకు స్టిక్కరు అతికించుకుని లోపలికి పోయేవాళ్లే, ఇంకొకరి పని గుట్టు మాట వచ్చేసరికి ఆశ్చర్యపోతారు.

కూకట్‌పల్లి కూడా ఒకప్పుడు చెరువులు, రామాలయం, చేలు ఉన్న ఊరే. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, మున్సిపాలిటీ వచ్చింది, 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఆ ఊరికి దక్కిన అభివృద్ధి అంతా భూమి ధర రూపంలో దక్కింది. గజం ఎంత అన్న ప్రశ్న ముందు అక్కడి చేతులు ఏం చేసేవో ఎవరూ అడగలేదు. పోచంపల్లిలో భూమి కథ వేరే దారిలో నడిచింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికొచ్చి, భూమి లేని దళితుల్ని మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాలన్నారు వాళ్లు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడ మొదలై దేశమంతా నడిచింది. ఊరి మందిరం ముందు ఫొటో దిగే సందర్శకులు ఈ కథ విని తలూపుతారు. ఆ అతిథి చూడ్డానికి రాలేదు, అడగడానికి వచ్చాడన్నది అంతగా ఎవరూ పట్టించుకోరు. అయితే ఇప్పుడు ఊరికొచ్చే అతిథి వినోబా కానక్కర్లేదు. పూట రుసుము కడితే చాలు.

ఆ రుసుము ఎంతన్నది ఊరే కట్టాలి. ఒక పూట ఆగిన మగ్గం మజూరి, ఆసు పోసే చేతికి వాటా, నూలు, రంగు, భోజనం. ఈ పద్దులన్నీ గోడ మీద కనిపించేలా రాసిపెడితే బేరానికి తావుండదు. గిరాకీకి లోటు ఉండకపోవచ్చు. హైటెక్ సిటీ కంపెనీలు టీమ్ ఔటింగ్ పేరుతో రిసార్టుల్లో రోజంతా గడిపి, బిల్లు కళ్లు మూసుకుని కట్టేవే. అయితే శని, ఆదివారాల్లోనే నలభై మంది దిగి, సోమవారానికి ఊరు బోసిపోతే ఇల్లు గడవదు. నేర్చుకునేవాళ్లు పలచగా, ఏడాది పొడవునా రావాలి. అందుకు మగ్గం క్యాలెండరే దారి చూపిస్తుంది. వానాకాలంలో గుంట మగ్గం గుంటలోకి ఊట దిగుతుంది, పడుగు చెమ్మ పీలుస్తుంది, రంగు వేసిన దారం ఆరదు. ఆ రోజుల్లో నేత ఎలాగూ ఆగుతుంది, మజూరీ ఆగుతుంది. చిటికి కట్టడానికి మాత్రం మగ్గం అక్కర్లేదు, ఒక చట్రం, కొంత దారం, పాత సైకిల్ ట్యూబు, కప్పు కారని వసారా ఉంటే సరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో, హైదరాబాద్‌లో ఏ రోడ్డు మునుగుతుందో తెలియని వారాల్లో, ఎల్బీనగర్ దాకా మెట్రో నడుస్తూనే ఉంటుంది. తరగతులు మొదలుపెట్టాలంటే ఆ రెండు నెలలతో మొదలుపెట్టవచ్చు.